సెల్లు ఫోటో వెనక రాత చదివారా?

తీసిన వేళ, తీసిన చోటు అందులోనే ఉంటాయి - పంపడంలో పోతున్నాయి

(గ్రామీణ విలేకరి)

వడగళ్లు పడ్డాయి. కోతకొచ్చిన వరి నేలకు ఒరిగింది. రైతు తెల్లారే మడిగట్టు మీదికి వెళ్లి, సెల్లు తీసి నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు కొట్టాడు. కొడుకు వాటిని వాట్సాప్‌లో మేనమామకు పంపాడు. ఆయన ఊరి గ్రూపులో పెట్టాడు. గ్రూపులోంచి మరొకరు దించుకుని మండల కేంద్రానికి పట్టుకెళ్లారు. "ఈ ఫోటో ఎప్పటిది? ఏ పొలంలోది?" అని అక్కడ అడిగారు. "నిన్నటిదేనండీ, మా పొలందే" అని రైతు మొత్తుకున్నాడు. మాట తప్ప చేతిలో మరో సాక్ష్యం లేదు.

ఏ మండలంలోనైనా ఏటా జరిగే తంతే ఇది. విచిత్రమేమంటే, రైతు మొదట కొట్టిన ఫోటోలో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఉండే ఉంటుంది. గంట, నిమిషం, సెకనుతో సహా తీసిన వేళ ఉంటుంది. సెల్లులో లొకేషన్ తెరిచి ఉంటే, పొలం ఎక్కడుందో చెప్పే అక్షాంశం, రేఖాంశం కూడా ఉంటాయి. చేతులు మారడంలో ఆ రాత చెరిగిపోయింది. ఎవరూ కావాలని చెరపలేదు. అలాంటిది ఒకటి ఉందనే చాలామందికి తెలియదు.

వెనకటి స్టూడియో ఫోటోను తిరగేస్తే వెనక స్టూడియో ముద్ర, పెన్సిలుతో వేసిన నంబరు, ఒక్కోసారి తేదీ కనిపించేవి. సెల్లు ఫోటోకు వీపు లేదు కదా అనుకుంటాం. కానీ దానికీ వెనక రాత ఉంది. బొమ్మను దాచే ఫైలులోనే, బొమ్మ కంటే ముందు, కొద్దిపాటి చోటులో ఈ వివరాలన్నీ రాసి ఉంటాయి. సెల్లు ఏ కంపెనీది, ఏ మోడలు, ఫోటో నిలువుగా తీశారా అడ్డంగా తీశారా, ఫ్లాషు వెలిగిందా లేదా అన్నవీ అందులోవే. దీన్ని మెటాడేటా అంటారు. సమాచారం గురించిన సమాచారం అని ఆ మాటకు అర్థం. స్టూడియోవాళ్లు మాత్రం ఎక్సిఫ్ అంటారు.

ఎక్సిఫ్ అనేది 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం పెట్టిన పద్ధతి. కెమెరాలు చేసే కంపెనీలు తలా ఒక తీరుగా రాసుకుంటే ఒకరిది మరొకరు చదవలేరు గనుక, అందరికీ ఒకే ఫారం పెట్టారు. అంతకుముందే పత్రికలవారికి వేరే ఫారం ఉంది. ఫోటో ఎవరు తీశారు, ఎక్కడ, అందులో ఉన్నది ఎవరు అన్న వివరాలను ఫోటోతోపాటే పంపడానికి అంతర్జాతీయ పత్రికా సంస్థల మండలి ఐపీటీసీ అనే పద్ధతిని 1990ల మొదట్లో తెచ్చింది. మూడోది 2001లో అడోబీ కంపెనీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ. ఇప్పుడు ఒకే ఫోటోలో ఈ మూడూ ఉండవచ్చు. ఒకదానిలో ఒక తేదీ, ఇంకోదానిలో ఇంకో తేదీ ఉండడం కూడా కద్దు. ఆస్తి కాగితాల్లో ఒక సర్వే నంబరు, పట్టా పుస్తకంలో మరో నంబరు ఉన్నట్టన్నమాట.

చూడడం ఎలా?

కష్టమేమీ లేదు. సెల్లులో ఫోటో తెరిచి వేలితో పైకి తోస్తే చాలా సెల్లుల్లో వివరాలు కనిపిస్తాయి. లేకపోతే గుండ్రటి గీతలో 'ఐ' అక్షరం ఉన్న గుర్తు నొక్కాలి. తేదీ, వేళ, సెల్లు పేరు ఉంటాయి. లొకేషన్ తెరిచి తీసినదైతే కింద మ్యాపు కూడా వస్తుంది. మ్యాపు రాలేదంటే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ మూసి ఉందని అర్థం చేసుకోవచ్చు. చాలామంది కొత్త సెల్లు కొన్నరోజు అడిగిన ప్రశ్నకు 'వద్దు' అని నొక్కేసి మరిచిపోతారు.

చోటు ఎంత కచ్చితంగా ఉంటుందన్నది ఆకాశాన్ని బట్టి ఉంటుంది. ఆరుబయట పొలంలో నిలబడి తీస్తే కొద్ది మీటర్ల తేడాలో పడుతుంది. రేకుల షెడ్డులో, తోట నీడలో తేడా పెరుగుతుంది. ఉపగ్రహం అందక టవరును బట్టి లెక్కకట్టినప్పుడు పక్క ఊరు చూపించినా ఆశ్చర్యం లేదు. అందుకే పొలం ఫోటో తీసేవారు గట్టు మీద ఒక నిమిషం ఆగి, మ్యాపులో తమ చుక్క సరైన చోట నిలిచాక తీయడం మంచిది.

వాట్సాప్ వాటం

వాట్సాప్ మామూలుగా ఫోటో పంపేటప్పుడు దాన్ని నలిపి చిన్నది చేస్తుంది. ఆ నలపడంలో వెనక రాత పోతుంది. తీసిన వేళ పోతుంది, చోటు పోతుంది. అవతలివారి సెల్లులో చేరిన ఫోటోకు 'ఐఎంజీ' అనే మాట, దాని పక్కన తేదీ, ఆపైన 'డబ్ల్యూఏ' అని ఒక పేరు పెడుతుంది. ఆ పేరులో ఉన్న తేదీని చూపించి "ఇదిగో, ఆరోజు తీసిందే" అని వాదించేవారున్నారు. అది ఫోటో తీసిన తేదీ కాదు, వాట్సాప్‌లో ఆ సెల్లుకు చేరిన తేదీ. మూడేళ్ల కిందటి ఫోటోను ఇవాళ పంపినా ఇవాళ్టి తేదీయే పడుతుంది. నష్టం అంచనా వేసే ఉద్యోగికి ఈ సంగతి తెలిసి ఉంటే ఆ వాదన నిలవదు. తెలియకపోతే పాత ఫోటో కూడా కొత్తదిగా చెల్లిపోతుంది. రెండూ నష్టమే.

విరుగుడు ఉంది. ఫోటోను ఫోటోగా కాక, పిన్ను గుర్తు నొక్కి డాక్యుమెంటుగా పంపితే నలగకుండా వెళుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, అనుమతి లేని యాప్‌కు ఫోటో ఇచ్చేటప్పుడు సెల్లు చోటు వివరాన్ని దాచిపెట్టి ఇచ్చే ఏర్పాటు ఉంది. అందువల్ల డాక్యుమెంటుగా పంపినా ఒక్కోసారి వేళ చేరుతుంది, చోటు చేరదు. పంపాక అవతలివారి సెల్లులో తెరిపించి చూసుకోవాలి. అన్నిటికంటే భద్రం, అసలు ఫోటోను తీసిన సెల్లులోంచి చెరపకుండా ఉంచడం, వైరుతో కంప్యూటరులోకి దించి ఒక నకలు పెట్టుకోవడం. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తుల నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలన్న నిబంధన ఉంది. గంటలు లెక్కపెట్టే చోట తీసిన వేళ ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

ముద్ర వేరు, రాత వేరు

ఈమధ్య ఏ ఉద్యోగి ఊళ్లోకి వచ్చినా ఫోటో కింద నల్ల పట్టీ వేసి, అందులో చిన్న మ్యాపు, ఊరిపేరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ పడేలా తీస్తున్నారు. ఇది ప్రత్యేక యాప్ వేసే ముద్ర. ఈ ముద్ర బొమ్మలో భాగం గనుక వాట్సాప్‌లో పంపినా పోదు. అదే దాని సుఖం. కానీ అది రంగు మాత్రమే. పెళ్లి ఫోటోలో పూలదండ అతికించినట్టే ముద్రనూ అతికించవచ్చు. అందుకే ముద్రలోని తేదీ, వెనక రాతలోని తేదీ ఒకటేనా అని పోల్చి చూడగలిగితేనే విలువ.

ప్రభుత్వాలు ఈ రాతను నమ్ముకుని చాలా పనులే పెట్టాయి. ఉపాధి హామీ పథకంలో తవ్విన చెరువులు, వేసిన బాటలు ఎక్కడున్నాయో ఫోటోలతో సహా మ్యాపు మీద గుర్తించే పని 2016లో మొదలైంది. దానికి సాయపడింది మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇళ్లకు పునాది మొదలు ఒక్కో దశలో చోటు, వేళ ఉన్న ఫోటో ఎక్కితేనే తర్వాతి కిస్తీ. ఉపాధి కూలీల హాజరుకు కూడా రోజుకు రెండుసార్లు ఫోటో తీసే యాప్ 2021లో వచ్చింది. 20 మంది, అంతకు మించి కూలీలున్న పనులకు 2022 మే 16 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనులకూ 2023 జనవరి 1 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు.

ఆపైన ఏం జరిగిందో చూడండి. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఎదురుగా కూలీలు లేకుండా ఫోటోకు ఫోటో తీసి పంపుతున్నారని అందులో రాసింది. అంటే పాత ఫోటోను ముందు పెట్టుకుని ఇవాళ సెల్లుతో కొట్టడం. వేళ ఇవాళ్టిదే, చోటూ పనిచోటే. వెనక రాతంతా నిజం, ముందు బొమ్మే అబద్ధం. యంత్రం రాసింది గనుక నిజమే అయి ఉంటుందని గుడ్డిగా నమ్మితే వచ్చే తంటా ఇది. రాతా చూడాలి, బొమ్మా చూడాలి. సిగ్నలు అందక ఫోటో ఎక్కనందుకు నిజంగా పనిచేసిన కూలీకి హాజరు పోవడం ఇంకో అన్యాయం. అది వేరే కథ.

ఇల్లు చూపించే ఫోటో

పొలానికి మేలుచేసే రాత ఇంటికి కీడు చేయవచ్చు. ఇంటి వరండాలో పిల్లల ఫోటో తీసి, అసలు ఫైలునే ముక్కూమొహం తెలియనివారికి పంపితే ఇంటి చిరునామా రాసిచ్చినట్టే. పాత బండి అమ్ముతామని పెట్టే ఫోటో, పెళ్లి సంబంధానికి పంపే అమ్మాయి ఫోటో, ఊరెళ్తూ తీసుకున్న ఫోటో, అన్నిట్లోనూ ఇదే ప్రమాదం.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాకు చెందిన జాన్ మెకాఫీ. కంప్యూటరు వైరస్‌ల మందు తయారుచేసి కోట్లు గడించిన మనిషి. కంప్యూటరు రహస్యాలు ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? పొరుగింటాయన హత్య కేసులో ప్రశ్నించేందుకు బెలీజ్ దేశం పోలీసులు వెతుకుతుండగా 2012లో ఆయన అజ్ఞాతంలోకి పోయాడు. వెంట ఉన్న విలేకరులు ఆయనతో దిగిన ఫోటోను డిసెంబరు 3న ప్రచురించారు. ఐఫోనుతో తీసిన ఆ ఫోటో వెనక అక్షాంశ రేఖాంశాలు అలాగే ఉండిపోయాయి. చూసినవారు మ్యాపులో వేసుకుంటే పక్క దేశం గ్వాటెమాలా తేలింది. రెండురోజుల్లో అక్కడి పోలీసులు పట్టుకున్నారు. విలేకరి వృత్తిలో ఉన్నవారికి ఇది ఒళ్లు జలదరించే సంగతి. మనల్ని నమ్మి మాట చెప్పిన మనిషిని మన ఫోటోయే పట్టించవచ్చు.

చెరపడం తేలికే. ఐఫోనులో ఫోటో పంపే ముందు పైన 'ఆప్షన్స్' నొక్కి లొకేషన్ తీసేయవచ్చు. విండోస్ కంప్యూటరులో ఫోటో మీద కుడి మీట నొక్కి, 'ప్రాపర్టీస్'లో 'డీటెయిల్స్' తెరిస్తే అట్టడుగున సొంత వివరాలు తొలగించే వీలుంది. వివరాలు లేని నకలు చేసి ఇమ్మన్నా ఇస్తుంది. నకలు చేయించుకోవడమే నయం.

ఒకే మనిషి చేసిన పనిముట్టు

వెనక రాతను చదవడానికి, దిద్దడానికి లోకమంతా వాడే పనిముట్టు పేరు ఎక్సిఫ్‌టూల్. ఏ పెద్ద కంపెనీదీ కాదు. కెనడాలో క్వీన్స్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పనిచేసిన ఫిల్ హార్వీ అనే ఆయన 2003లో మొదలుపెట్టి, రుసుం లేకుండా ఇచ్చాడు. ఇన్నేళ్లుగా కొత్త కెమెరా వచ్చినప్పుడల్లా దాని రాతను చదివేలా దిద్దుతూ వచ్చాడు. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా లోపల దీన్నే పెట్టుకుని పనిచేయించుకుంటాయి.

చూడడానికి అందంగా ఉండదు. బొమ్మలు, బొత్తాలు ఏమీ లేవు. విండోస్‌లో అయితే ఫోటోను పట్టుకుని దాని గుర్తు మీద వదిలితే నల్ల తెర తెరుచుకుని జాబితా పారుతుంది. కొన్ని కెమెరాలకు వంద పంక్తులు దాటుతుంది. అందులో సంత బేరానికి పనికొచ్చే సంగతులూ ఉన్నాయి. నికాన్ కెమెరాల ఫోటోల్లో ఆ కెమెరా అప్పటివరకు ఎన్నిసార్లు క్లిక్కుమందో లెక్క ఉంటుంది. పాత కెమెరా కొనే స్టూడియో కుర్రాడు, ఎద్దు పళ్లు చూసినట్టు, ఆ లెక్క చూసి ధర మాట్లాడవచ్చు. చాలా కెమెరాలు తమ సీరియల్ నంబరు కూడా రాస్తాయి. కెమెరా పోయినవారికి పాత ఫోటోయే రసీదు.

స్టూడియోలకు అసలు ఉపయోగం వేరే చోట ఉంది. పెళ్లికి ఇద్దరు కెమెరామెన్ వెళతారు. ఒకరి కెమెరాలో గడియారం సరిగా ఉంటుంది. రెండోదాంట్లో బ్యాటరీ తీసినప్పుడు గడియారం వెనక్కి పోయి ఉంటుంది. ఆల్బం వరస పెట్టబోతే జీలకర్ర బెల్లం కంటే ముందే అప్పగింతలు వస్తాయి. వెయ్యి ఫోటోలను చేత్తో సర్దుతూ రాత్రంతా కూర్చునేవారున్నారు. ఎక్సిఫ్‌టూల్‌కు ఒక్క పంక్తి రాసి, ఇన్ని గంటలు ఇన్ని నిమిషాలు కలుపు అంటే రెండో కెమెరా ఫోటోలన్నిటికీ ఒక్కసారే కలిపేస్తుంది. అసలు ఫైళ్లను 'ఒరిజినల్' అన్న తోకతో పక్కన ఉంచుతుంది కూడా. పొరపాటు జరిగితే వెనక్కి రావచ్చు.

గడియారం పేచీ గల్ఫ్ కుటుంబాలకూ తెలిసిందే. కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. ఎక్సిఫ్ పద్ధతిలో వేళ రాసే గడి మొదటినుంచీ ఉంది గానీ, ఆ వేళ ఏ దేశానిదో రాసే గడి 2016 దాకా లేదు. అక్కడి ఫోటోలు, ఇక్కడి ఫోటోలు కలిపితే వరస తారుమారయ్యేది ఇందుకే.

నల్ల తెర అంటే బెదురు ఉన్నవారికి డిజికామ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇందులో ఫోటోలు కనిపిస్తూ ఉంటాయి, పక్కన పేర్లు, ఊరు, సందర్భం రాసుకోవచ్చు. వాడేవారు ముందుగా సెట్టింగుల్లో, రాసింది ఫోటో ఫైలులోనే రాయమని చెప్పాలి. ఈ జాగ్రత్తకు కారణం ఉంది. ఒకప్పుడు మన స్టూడియోల్లో, నెట్ సెంటర్లలో ఏ కంప్యూటరు చూసినా గూగుల్ వారి పికాసా ఉండేది. ఎంతోమంది దాంట్లో కూర్చుని ముఖాలకు పేర్లు పెట్టుకున్నారు. 2016 మార్చిలో గూగుల్ దాన్ని ఆపేసింది. ముఖాల పేర్లు మామూలుగా ఫోటోలో కాక పక్కన వేరే చిన్న ఫైలులో ఉండేవి. ఫోటోలు మాత్రం పెన్‌డ్రైవులోకి ఎత్తుకున్నవారికి పేర్లు రాలేదు. ఇప్పటి గూగుల్ ఫోటోస్‌లో దిద్దిన తేదీ, రాసిన వివరణ కూడా, మొత్తం దించుకునేటప్పుడు ఫోటో పక్కన మరో ఫైలుగా వస్తాయి. దాన్ని పనికిరానిదనుకుని చెరపకూడదు. ఎక్సిఫ్‌టూల్‌తో ఆ వివరాలను తిరిగి ఫోటోలోకి ఎక్కించవచ్చు.

తాతల ఫోటోలకు తెలుగులో పేర్లు

ఇంట్లో గోడమీది పాత ఫోటోలను సెల్లుతో కొట్టో, స్కాను చేయించో దాచుకునేవారు పెరిగారు. మంచిదే. కానీ ఆ ఫైలులో పడేది స్కాను చేసిన తేదీ. 1974లో కట్టుకున్న తాతగారి పెళ్లి ఫోటో ఈ ఏటి ఫోటోల మధ్య కూర్చుంటుంది. ఏడాదిని దిద్దాలి. అంతకంటే ముఖ్యం, వరసలో నిలబడ్డది ఎవరెవరో రాయడం. ఎడమ నుంచి మూడో ఆవిడ పెద్దమ్మా చిన్నమ్మా అని చెప్పగలవారు ఇంట్లో ఒక్కరో ఇద్దరో మిగిలి ఉంటారు.

తెలుగులో రాయవచ్చా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పాత ఎక్సిఫ్‌లో వివరణ గడి ఇంగ్లిషు అక్షరాలకే సరిపోయేది. తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో వచ్చేవి. 2023లో వచ్చిన ఎక్సిఫ్ మూడో కూర్పులోగానీ లోకంలోని అన్ని లిపులకూ చోటు దొరకలేదు. ఎక్స్‌ఎంపీలో మాత్రం మొదటినుంచీ తెలుగు నిలుస్తుంది. కాబట్టి డిజికామ్‌లోగానీ ఎక్సిఫ్‌టూల్‌తోగానీ వివరణను ఎక్స్‌ఎంపీ గడిలో పెడితే "ఎడమ నుంచి: నాయనమ్మ, ఆమె చెల్లెలు, పాలేరు కొడుకు" అని శుభ్రంగా తెలుగులోనే ఉంటుంది. ఒక ఫోటోకు రాసి, మరో కంప్యూటరులో తెరిచి చూసుకుని, ఆ తర్వాత మిగతావి మొదలుపెట్టాలి.

కోర్టుకు వెళ్లే ఫోటో

గట్టు తగాదాలో, దారి తగాదాలో ఫోటో తీసినవారికి ఒక మాట. వెనక రాతను దిద్దగలిగిన పనిముట్టు ఉచితంగా దొరుకుతుందని ఎదుటి పక్షానికీ తెలుసు. అందుకని ఆ రాత ఒక్కటే రుజువు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను కింద, ఫోటో వంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హాష్ అనే సంఖ్య రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర. బొమ్మలో ఒక చుక్క మారినా, వెనక రాతలో ఒక నిమిషం దిద్దినా సంఖ్య మారిపోతుంది. గడియారం తప్పుందని మంచి ఉద్దేశంతో తేదీ సరిచేసినా అది మారిన ఫైలే. తగాదాలో ఉన్న ఫోటోను ముట్టుకోకుండా అలాగే ఉంచి, ఏం చేసినా నకలు మీదే చేయాలి. గడియారం తప్పుంటే ఆ సంగతి లాయరుగారికి నోటితో చెబితే చాలు.

కెమెరాయే ఫోటోకు, తెంచితే తెలిసిపోయే సీలు వేసే పద్ధతి కూడా వస్తోంది. 2023 అక్టోబరులో జర్మనీకి చెందిన లైకా కంపెనీ ఆ పద్ధతితో మొదటి కెమెరాను అమ్మకానికి పెట్టింది. ధర మన స్టూడియోలకు అందేది కాదు.

మండల కేంద్రాల్లో స్టూడియోవారిని అడిగితే, "కెమెరా గడియారం సంగతి తెలుసుగానీ ఈ రాత దిద్దమని ఎవరూ అడగరండీ" అంటున్నారు. ఎక్సిఫ్‌టూల్, డిజికామ్ రెండూ ఉచితమే, మామూలు కంప్యూటరు చాలు. ఇంటర్ చదివిన పిల్లలు ఒక పూట కూర్చుంటే పట్టుబడతాయి. ఫోటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవడానికి వెళ్లేవారు, అసలు ఫైళ్లే ఎక్కించమని, తేదీలు సరిచూడమని అడిగి చేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు కాదు, తీసిన సెల్లునే పట్టుకెళ్లాలి.